చిన్న అప్పులు – కంప్యూటరు లెక్కలు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకు అప్పగించిన విషయం కొంచెం వింతగానే వున్నది. "మాస్టారూ, మన ఖర్జె హసనా లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించాలా, వద్దా? దాని మంచిచెడ్డలు నాలుగు ముక్కల్లో చెప్పండి" అన్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకునేవాళ్లం. కంప్యూటరు ఇంజనీర్లం కాము. అయితే ఈ విషయంలో సగం లెక్క, సగం నమ్మకం వున్నాయి. లెక్క మా వృత్తి. నమ్మకం మనందరి సొత్తు. ఆ ధైర్యంతోనే మీ ముందు నిలబడ్డాం.

పేదవానికి చిన్న అప్పు ఇవ్వడం కొత్త పని కాదు. హైదరాబాదు రాజ్యంలో పందొమ్మిదవ శతాబ్దం చివరలోనే వడ్డీలేని అప్పుల సంఘాలు పుట్టాయని డాక్టర్ మొహమ్మద్ హమీదుల్లాగారు వ్రాశారు. ఉత్తరాదిన దేవ్‌బంద్‌లో 1961లో ముస్లిం ఫండ్ మొదలైంది. 1976లో బంగ్లాదేశ్‌లోని జోబ్రా గ్రామంలో మొహమ్మద్ యూనుస్ అనే ఆర్థికశాస్త్ర ఆచార్యులు 42 మందికి, అందరికీ కలిపి 27 డాలర్లు, తన జేబులోంచి తీసి అప్పిచ్చారు. ఆ ప్రయత్నమే పెరిగి 1983లో గ్రామీణ బ్యాంకు అయింది. 2006లో ఆయనకూ ఆ బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. మన దేశంలో 1992లో నాబార్డు 500 స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే పని ఎత్తుకున్నది. ఆ దారిలో మన తెలుగు జిల్లాల ఆడవాళ్లు దేశంలోనే ముందు నడిచారు.

గ్రామీణ బ్యాంకు వడ్డీ తీసుకుంటుంది. మనం తీసుకోము. అది పెద్ద భేదమే. కాని లెక్క వ్రాసే కష్టం మాత్రం ఇద్దరికీ ఒక్కటే. ఆ కష్టం ఎక్కడున్నదో ముందు చూద్దాం.

చిన్న అప్పుల బ్రాంచి ఒకటి వున్నదనుకోండి. వసూలుకు వెళ్లేవారు అయిదుగురు. ఒక్కొక్కరు రోజుకు రెండు వాడలు తిరుగుతారు. ఒక్కో వాడలో ముప్పయిమంది ఆడవాళ్లు వాయిదా కడతారు. అంటే రోజుకు మూడువందల వాయిదాలు. ప్రతి వాయిదానూ నాలుగు చోట్ల వ్రాయాలి. సభ్యురాలి పాసుపుస్తకంలో ఒకటి, వసూలు కాగితంలో ఒకటి, సాయంత్రం చిట్టాలో ఒకటి, ఆ తరువాత ఆవర్జాలో ఆమె ఖాతా కింద ఒకటి. మూడువందలను నాలుగుతో హెచ్చవేయండి. పన్నెండువందల వ్రాతలు! అందులో ఒక్కటి తప్పినా రాత్రి నగదు నిల్వ కలవదు. అందరూ దీపాలు పెట్టుకుని కూర్చోవలసిందే. పాత ముంషీలకు ఇందులో ఒక కిటుకు తెలుసు. తేడా తొమ్మిదితో శేషం లేకుండా భాగింపబడితే ఎక్కడో రెండంకెలు తారుమారయ్యాయని వెంటనే అనుమానిస్తారు. 240కి బదులు 420 వ్రాస్తే తేడా 180. తొమ్మిదితో భాగించి చూడండి, సరిగా పోతుంది. ఇది మేము పిల్లలకు కూడా చెబుతుంటాం. కిటుకు మంచిదే కాని, రోజూ రాత్రి తొమ్మిదింటిదాకా కిటుకులతో బ్రాంచి నడపలేము.

ఇక ఖర్చు సంగతి. ఒక అప్పుకు దరఖాస్తు తీసుకోవాలి, ఇల్లు చూసి రావాలి, జామీను వ్రాయించాలి, ఖాతా తెరవాలి. వీటన్నింటికీ మూడువందల రూపాయలవుతుందని లెక్కకోసం అనుకుందాం. అయిదులక్షల అప్పుకైతే ఈ ఖర్చు నూటికి ఆరు పైసలు. అయిదువేల అప్పుకైతే నూటికి ఆరు రూపాయలు. అంటే పేదవాని అప్పు వ్రాయడానికి నూటికయ్యే ఖర్చు నూరురెట్లు! పెద్ద బ్యాంకులు చిన్న అప్పు జోలికి చాలాకాలం రాకపోవడానికి ముఖ్యమైన కారణాల్లో ఇదొకటి. వడ్డీ తీసుకునే కంపెనీ ఈ ఖర్చును వడ్డీలో కలిపేస్తుంది. మనకా వీలు లేదు. అసలైన ఖర్చుమేరకు సర్వీసు చార్జీ తీసుకోవాలి, లేదా దాతల చందాలోంచి పెట్టుకోవాలి. అందుచేత వ్రాతఖర్చులో మిగిలిన ప్రతి రూపాయీ ఇంకో పేద ఇంటికి పోయే రూపాయే. కంప్యూటరు ఫ్యాషను కోసమైతే మేమీ మాటే ఎత్తము. ఈ నూటికి ఆరు రూపాయల కోసమే ఎత్తుతున్నాం.

అయితే ఆ సాఫ్టువేరు ఏం చేస్తుంది? పొద్దున బ్రాంచి తెరవగానే ఆనాడు ఎవరెవరు ఎంత కట్టాలో వాడవారీగా కాగితం అచ్చువేసి ఇస్తుంది, లేదా వసూలుదారు చేతిలోని ఫోనులోకి పంపుతుంది. వాయిదా కట్టగానే ఒకసారి కొడితే చాలు. అది చిట్టాలోకి, ఆమె ఖాతాలోకి, నగదు నిల్వలోకి, హెడ్డాఫీసు లెక్కలోకి దానంతటదే పోతుంది. సాయంత్రం నోట్ల వివరం వేసి, పెట్టెలో డబ్బూ మిషను చెప్పే నిల్వా కలిశాయని చూసిన తరువాతే ఆ రోజు మూయనిస్తుంది. మూసిన రోజును మరునాడు వెనక్కి పోయి దిద్దటానికి వీల్లేదు. దిద్దవలసివస్తే ఎవరు, ఎప్పుడు, ఎందుకు దిద్దారో వ్రాత మిగులుతుంది. అప్పు మంజూరుకు ఒకరు వ్రాస్తే మరొకరు ఒప్పుకోవాలి. ఒకే మనిషి రెండు పనులూ చేయరాదు. నెల దాటిన బాకీలు ఎవరివో ఒక్క పేజీలో చూపిస్తుంది. ఇవన్నీ మంచి ఏర్పాట్లే.

ఇటువంటి సాఫ్టువేరు ఊరికే కూడా దొరుకుతుంది. గ్రామీణ్ ఫౌండేషన్ అనే సంస్థ 2006లో మిఫోస్ అనేదాన్ని తయారుచేసి, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చునని విడుదల చేసింది. దాని తరువాతి రూపం ఫినెరాక్ట్ అనే పేరుతో అపాచీ సాఫ్టువేర్ ఫౌండేషన్ చేతుల్లోకి వచ్చింది. ఊరికే అంటే ఖర్చే లేదని కాదు. బావి ఊరిదైనా చేద మనదే కావాలి. దాన్ని పెట్టేవాడు, చెడితే బాగుచేసేవాడు, రోజూ నకలు తీసి దాచేవాడు కావాలి.

ఇంతవరకు లాభాలు చెప్పాం. ఇప్పుడు జాగ్రత్తగా వినవలసిన మాట చెబుతాం.

చేతివ్రాతలో ఒకే వాయిదాను నాలుగుచోట్ల వ్రాయడం దండగ అన్నాం. ఆ దండగలో ఒక మేలు కూడా దాగివున్నది. ఒకచోట తప్పు పడితే మిగతా మూడూ దాన్ని పట్టిస్తాయి. మిషనులో ఒకసారి కొడితే నాలుగుచోట్లా పడుతుంది కదా, తప్పు కొట్టినా అంతే శుభ్రంగా నాలుగుచోట్లా పడుతుంది. అన్నీ ఒకదానితో ఒకటి కలుస్తాయి. అన్నీ తప్పే! రెండువందల నలభై తీసుకుని నూట నలభై కొట్టి, వంద జేబులో వేసుకున్నవాణ్ణి మిషను పట్టుకోలేదు. పెట్టెలో నూట నలభయ్యే వుంటుంది, లెక్కలో కూడా నూట నలభయ్యే. మరి వానిని పట్టుకునేదెవరు? ఆ తల్లి చేతిలోని పాసుపుస్తకం. ఆఫీసు చేయి పడని వ్రాత అదొక్కటే. అందుచేత కంప్యూటరు వచ్చాక పాసుపుస్తకం అనవసరమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దని మా విన్నపం. పాసుపుస్తకం విలువ అప్పుడే పెరుగుతుంది.

"ఫోనుకు మెసేజి పోతుంది కదా మాస్టారూ" అని మన కుర్రవాళ్లు అంటారు. పోతుంది. ఎవరి ఫోనుకు? నంబరు ఆమెదా, భర్తదా, కొడుకుదా? లేక ఆమెకు ఫోను లేదని వసూలుదారే తన నంబరు వ్రాసుకున్నాడా? ఆ మెసేజి ఏ భాషలో వస్తుంది? ఉర్దూ చదవగల పెద్దమ్మకు, తెలుగు చదవగల కోడలికి ఇంగ్లీషు అక్షరాలు పంపితే నీటిమీది వ్రాతే. ఏ ఇంటిలో ఏ భాష చదువుతారో అడిగి, ఆ భాషలో పంపే ఏర్పాటు ముందే చేయించుకోవాలి.

పేర్ల సంగతి మాకు బడి రిజిస్టర్లవల్ల బాగా తెలుసు. ఉర్దూలో ఒకటే పేరు. తెలుగులోకి వచ్చేసరికి ఖ్వాజా, ఖాజా, కాజా అని మూడు విధాలవుతుంది. షేక్ అనే ఇంటిపేరు ఆధార్ కార్డులో ఒక విధంగా, రేషను కార్డులో ఒక విధంగా, బ్యాంకు పుస్తకంలో ఇంకొక విధంగా వుంటుంది. ఒకే వీధిలో షేక్ ఫాతిమాలు నలుగురుంటారు. ముంషీకి ఆ నలుగురూ తెలుసు. "మసీదు వెనక ఫాతిమా, బీడీల ఫాతిమా" అని గుర్తుపెట్టుకుంటాడు. మిషనుకు ఆ గుర్తులు తెలియవు. ఒకరి బాకీ ఇంకొకరి ఖాతాలో పడితే ఏ పాపమూ ఎరుగని ఆడకూతురు పదిమందిలో తలవంచుకోవలసి వస్తుంది. కాబట్టి పేరుమీద కాకుండా సభ్యత్వ నంబరు మీద, ఫోటోమీద ఖాతా నడవాలి. మొదటిసారి పేర్లు ఎక్కించేటప్పుడు ఆ ఇంటివారి ముందే కూర్చుని చదివి వినిపించాలి.

ఇక మన రాష్ట్రం నేర్చుకున్న పాఠమొకటి చెప్పకుండా కూర్చోలేము. 2006లో కృష్ణా జిల్లాలో అధికారులు సూక్ష్మరుణ కంపెనీల బ్రాంచీలు దాదాపు యాభై మూయించారు. ఆ హెచ్చరిక చాలలేదు. 2010లో అప్పుల భారం, వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు రాష్ట్రమంతా మార్మోగాయి. ఆ ఏడాది అక్టోబరు 15న ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. కంపెనీలు రిజిస్టరు చేసుకోవాలనీ, వడ్డీ అసలును మించరాదనీ, ఇంటిమీద పడి వసూలు చేయరాదనీ నిబంధనలు పెట్టింది. ఆ తరువాత వసూళ్లు దాదాపు నిలిచిపోయాయి. అప్పిచ్చినవారూ, తీసుకున్నవారూ ఇద్దరూ నష్టపోయారు.

ఆ పెద్ద కంపెనీల దగ్గర కంప్యూటర్లు లేకనా? బాగానే వున్నాయి. వసూలు నూటికి తొంభైతొమ్మిది వస్తున్నదని అవి గర్వంగా చెప్పుకునేవి. లెక్క నిజమే. కాని ఆ వాయిదా డబ్బు ఎక్కడనుంచి వచ్చిందో ఆ లెక్కలో లేదు. ఒక కంపెనీ వాయిదా కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర, ఆ కంపెనీకి కట్టడానికి వీధిలోని వడ్డీవ్యాపారి దగ్గర తెచ్చినవారున్నారు. ప్రతి కంపెనీ పుస్తకమూ విడిగా చూస్తే చక్కగానే వుంది. ఆ ఇల్లు మాత్రం మునిగిపోతున్నది. మిషను వేగం పెంచింది, వేగంతోపాటు చూపు పెంచలేదు. తరువాత రిజర్వు బ్యాంకు మాలెగాం కమిటీని వేసింది. అప్పుల వివరాలు నమోదుచేసే బ్యూరోల్లో చిన్న అప్పులు కూడా ఎక్కసాగాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల్లో, ఏడాదికి మూడులక్షలదాకా రాబడిగల కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చే అప్పును సూక్ష్మరుణం అన్నారు. ఆ ఇంటి అప్పుల వాయిదాలన్నీ కలిపి నెల రాబడిలో సగం దాటరాదన్నారు. లెక్క కడితే నెలకు ఇరవైఅయిదువేలు వచ్చే ఇంటికి పన్నెండువేల అయిదువందలు హద్దు. ఆ నిబంధన బ్యాంకులకు, కంపెనీలకు. అయినా ఆ ప్రశ్న మనమూ అడగదగినదే. అప్పు అడిగిన ఇంట్లో ఇప్పటికే ఎన్ని వాయిదాలు నడుస్తున్నాయి? ఈ గడి మన సాఫ్టువేరులో వుండాలి. దాన్ని నింపేది మాత్రం మిషను కాదు. ఆ ఇంటి గడపలో కూర్చుని, టీ తాగుతూ, నొప్పించకుండా అడిగే మనిషి.

సాఫ్టువేరు కొనేముందు మరొకటి చూసుకోవాలి. వీటిలో చాలామట్టుకు వడ్డీ వ్యాపారం దృష్టిలో పెట్టుకుని తయారైనవి. పదివేల అప్పుకు ఏడాదికి నూటికి పన్నెండు చొప్పున వడ్డీ మొదటే కలిపేసి, 11,200ను యాభై వారాలకు పంచితే వారానికి 224 రూపాయలవుతుంది. వినడానికి నూటికి పన్నెండే. కాని అసలు వారం వారం తగ్గిపోతున్నది కదా! ఏడాదిలో సగటున ఆమె దగ్గర నిలిచేది అయిదువేల చిల్లరే. ఆ అయిదువేలకు పన్నెండువందల వడ్డీ అంటే నిజానికి దాదాపు రెట్టింపు. మిషను ఈ లెక్క కూడా వేస్తుంది, తగ్గే అసలుమీది లెక్క కూడా వేస్తుంది, వడ్డీ సున్నా అన్నా వేస్తుంది. దానికి హలాల్ హరాం తెలియవు. మనం సున్నా అని పెట్టుకున్నా, గడువు దాటగానే జరిమానా తనంతట తానే వేసే ఏర్పాటు లోపల ఎక్కడైనా వున్నదేమో అడిగి తీసివేయించాలి. లేకపోతే పైన ఖర్జె హసనా బోర్డు, లోపల వడ్డీ లెక్క!

అప్పు వ్రాసుకోవడం గురించి మన ధర్మంలో ఎంత పట్టుదల వున్నదో పెద్దలకు మేము చెప్పనక్కరలేదు. పిల్లలకోసం చెబుతున్నాం. ఖుర్ఆన్ మొత్తంలో అన్నింటికంటే పొడవైన ఆయతు రెండవ సూరాలోని 282వది. అది అప్పు కాగితం గురించే. అందులో మూడు సంగతులు ఈనాటి విషయానికి పనికొస్తాయి. మొదటిది, మొత్తం చిన్నదని వ్రాయడానికి బద్ధకించరాదు. రెండవది, వ్రాయించవలసినది అప్పు తీసుకున్నవారు. అంటే లెక్క ఇచ్చినవాని చేతిలోనే వుండిపోకూడదు. మేము పాసుపుస్తకం వదలవద్దన్నది అందుకే. మూడవది, వ్రాసేవానికి హాని కలగరాదు.

ఈ మూడవ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగుతాం. కంప్యూటరు వస్తే లెక్కలు వ్రాసే మన ముంషీగారి గతి ఏమిటని కొందరు సభ్యులు మమ్మల్ని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఏళ్ల తరబడి ఎవరి ఇంట్లో ఏ కష్టం వచ్చి వాయిదా ఆగిందో ఆయన మనసులో వున్నంత ఏ మిషనులోనూ లేదు. ఆయన్ని ఇంటికి పంపి మిషను తెచ్చుకుంటే మనకు మిగిలేది అంకెలే. ఆయనకే నేర్పించాలి. పక్కన డిగ్రీ చదివిన మన ఆడపిల్లలు ఇద్దరిని కూర్చోబెట్టాలి. మీట నొక్కడం వాళ్లు నేర్పుతారు, మనుషుల్ని గుర్తుపట్టడం ఆయన నేర్పుతారు. వ్రాతపని తగ్గగా మిగిలిన సాయంత్రాలు వాడల్లోకి వెళ్లి వాయిదా ఆగిన ఇళ్లను పలకరించడానికి వినియోగించాలి. ఆ తీరిక కోసమే గదా మిషను!

గోప్యం సంగతి కూడా మరవరాదు. ఆవర్జా బీరువాలో వుండేది, తాళంచెవి ఒకరి దగ్గర వుండేది. మిషనులో పెట్టిన లెక్క ఎన్ని ఫోన్లలో కనబడుతుంది? ఎవరు అప్పు తీసుకున్నారు, ఎవరు జకాత్ తీసుకున్నారు అన్నది వీధిలోకి పొక్కితే ఇంటి పరువు పోతుంది. అటువంటి ఇంటివారు మళ్లీ మన గడప తొక్కరు. వసూలుదారుకు తన వాడ లెక్క మాత్రమే కనబడాలి. 2023లో మన పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేసింది. చట్టం రాకముందునుంచే ఇది మనకు అమానత్.

చివరిగా మా సలహాలు క్లుప్తంగా చెబుతాం. తొందరపడి ఒక్కరోజున పాత పుస్తకాలు కట్టకట్టవద్దు. మూడు నెలలు రెండు లెక్కలూ నడవాలి, చేతిదీ మిషనుదీ. ప్రతి సాయంత్రం రెండూ కలవాలి. ముందు ఒక్క వాడతో మొదలుపెట్టాలి. కరెంటు పోయినా, సిగ్నలు లేకపోయినా వసూలు ఆగకుండా రసీదు పుస్తకం దగ్గర వుండాలి. రోజూ నకలు తీసి ఆఫీసు బయట ఇంకోచోట దాచాలి. సాఫ్టువేరు ఇచ్చినవాడు రేపు కొట్టు మూసుకుపోయినా మన లెక్క మన చేతికి వచ్చేటట్లు కాగితం వ్రాయించుకోవాలి. ఆరు నెలలకొకసారి సభ్యులు కానివారు ఇద్దరు పెద్దలు ఏ వాడకైనా చెప్పకుండా వెళ్లి, పాసుపుస్తకాలు తీయించి, మిషను లెక్కతో సరిచూడాలి. ఇవి చేయలేమనుకుంటే పాత చిట్టాయే నయం. చేయగలమనుకుంటే ఆలస్యం వద్దు.

ఇల్లు అలకగానే పండగ కాదు. మిషను కొనగానే లెక్క బాగుపడదు. కాని ఆ నూటికి ఆరు రూపాయల్లో మూడు మిగిల్చినా, కుట్టుమిషను కోసం, తోపుడుబండి కోసం, కొడుకు ఫీజు కోసం మన ఆఫీసు అరుగుమీద వంతుకు కూర్చున్నవారిలో ఇంకొందరి వంతు ముందుకు వస్తుంది. పరదా అవతలనున్న అక్కచెల్లెళ్లకు మా ప్రత్యేక మనవి. మీ పాసుపుస్తకం మీ దగ్గరే వుంచుకోండి. వాయిదా కట్టిన ప్రతిసారీ వ్రాయించుకోండి. చదవడం రాకపోతే బడికి పోయే మీ అమ్మాయిచేత చదివించుకోండి. లెక్క కలవకపోతే మొహమాటపడకుండా అడగండి. మీరు అడిగినంతకాలం ఈ సొసైటీ లెక్క చెడదు.